అద్దం మీద నవీన

సిద్దిరాములుకు చెయ్యి ముందు, నోరు తర్వాత. మెట్‌పల్లి పక్కన పసుపు పండే ఊరతనిది. ఆ ఊళ్ళో అతనితో మాట్లాడేవాళ్ళు చెయ్యి అందనంత ఎడంగా నిలబడి మాట్లాడేవాళ్ళు. అబద్ధమనుకుంటే వెళ్ళి అడగండి, తడుముకోకుండా తమ చెంపలు చూపించేవాళ్ళు చాలామందే దొరుకుతారు. మస్కట్‌లో నీళ్ళ ట్యాంకర్ నడిపే రోజుల్లో, తన అమ్మను తిట్టాడని సూపర్‌వైజర్‌ని ట్యాంకర్ పైపుతోనే బాదాడు. అక్కడివాళ్ళు అతన్ని ముందు జైల్లో కూర్చోబెట్టి, తర్వాత విమానంలో కూర్చోబెట్టారు. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళు టీవీలూ దుప్పట్లూ తెస్తే, మనవాడు విరిగిన పక్కటెముకతో దిగాడు.

కానీ ఊళ్ళో జనం ఇప్పటికీ చెప్పుకునేది మస్కట్ దెబ్బ కాదు, పెళ్ళిలో దెబ్బ. అతని పెదనాన్న కొడుకు ఒకడు, పెళ్ళి బంతిలో కోమల ముందు వరుసలో కూర్చుంటే, "గొడ్రాలు ముందల్నే కూసోవాల్నా?" అన్నాడు. కోమల సిద్దిరాములు భార్య. ఆమె విస్తరి ముందు నుంచి లేవబోయింది. అంతలోనే అన్నం వడ్డించే గంటె ఆ అన్నవాడి మూతి మీద పడింది. వాడి ముందు పళ్ళు పెరుగన్నంలో దొరికాయి. పెళ్ళికొడుకు తాళి కట్టడం ఆపి మరీ చూశాడట.

ఆ రోజు నుంచి ఆ మాట అతని ముందు అనే మొనగాడు పుట్టలేదు. ఇంకో సంగతి మాత్రం ఎవరూ గమనించలేదు. ఆ మాట సిద్దిరాములు కూడా ఏనాడూ అనలేదు. రేషన్ కార్డుకు పోయినా, దవాఖానకు పోయినా, "పిల్లలెందరు?" అని అడిగారంటే లేచి బయటికి పోయి బీడీ ముట్టించేవాడు. "లేరు సారూ" అని చెప్పే పని ఎప్పుడూ కోమలదే.

గల్ఫ్ దారి మూసుకుపోయాక చేతిలో మిగిలింది డ్రైవింగు ఒక్కటే. సెకండ్‌హ్యాండ్ డీజిల్ పికప్ ఒకటి ఆదిలాబాద్‌లో ఉందని తెలిసి ఇద్దరూ కలిసే వెళ్ళారు. అమ్మేవాడి పేరు కరుణాకర్. జిన్నింగ్ మిల్లులకు పత్తి తోలేవాడు. తెల్ల బండి, ముందు బంపర్ కొత్తది, ఎడమ లైటు కొత్తది. "అమ్మేటోడు గూడ కొత్త సామాను ఏస్తడా? మంచి మనిషే పో" అనుకున్నాడు సిద్దిరాములు. చూశారా, ఊరందరి మీదా అనుమానపడే మనిషి అక్కడ మాత్రం నమ్మాడు.

ముందు అద్దం మీద ఎర్ర రంగుతో పెద్దగా 'నవీన' అని రాసి ఉంది. రెండు వైపులా రెండు మందార పూలు. మన దగ్గర బండి ఉన్నవాడికి బిడ్డ ఉంటే ఆ పేరు అద్దం మీదికి ఎక్కాల్సిందే కదా. బేరం తెగాక కరుణాకర్ ఇంట్లోకి పోయి బ్లేడు తెచ్చాడు. "నా బిడ్డ పేరు. గీకేసి ఇస్త" అన్నాడు. బ్లేడు అద్దానికి ఆనించాడు గానీ చెయ్యి ఆడలేదు. 

కోమల గబుక్కున ముందుకొచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. "అయ్యో, ఏం పనన్నా ఇది? బతికున్న పిల్ల పేరు గీకుతరా? పిల్లకు మంచిది గాదు. ఉండనియ్యి, మాకేం బరువు?"

కరుణాకర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బిడ్డంటే ఎంత ప్రేమో అనుకుంది కోమల. ఆ మాట తలుచుకుని తర్వాత ఆమె ఎన్నిసార్లు నోరు కొట్టుకుందో ఆమెకే తెలుసు.

అట్లా నవీన వాళ్ళ వాకిట్లోకి వచ్చింది. మొదట బండి పేరే అనుకున్నారు. పోనుపోను అది బండి పేరు కాకుండా పోయింది. పొద్దున్నే చలికి ఇంజన్ మొరాయిస్తే, హీటర్ లైటు ఆరిపోయేదాకా ఆగి, "లెవ్వు బిడ్డా నవీనా, పొద్దెక్కింది" అనేవాడు సిద్దిరాములు. నల్ల పొగ ఊదితే, "దగ్గు తగ్గలే దీనికి" అని ఇంజన్‌కు డీజిల్ చిమ్మే నాజిళ్ళు విప్పించేవాడు. డీజిల్ ఫిల్టర్లో నీళ్ళు తానే వదిలేవాడు, గ్రీజు తానే కొట్టేవాడు. చక్రాల మీది కమాన్ కట్టల మీద బరువు పడుతుందని ఎవరైనా అదనంగా ఒక బస్తా వేస్తే, ఆ బస్తానూ వేసినవాణ్ణీ కలిపే కిందికి తోసేవాడు. కోమల శుక్రవారం శుక్రవారం బంపర్‌కు పసుపు రాసి, అద్దం తుడిచేటప్పుడు ఆ అక్షరాల మీద కొంగు మెల్లగా ఆడించేది.

మెకానిక్ రాజం ఒకసారి బండి కిందికి దూరి బయటికొచ్చి తల గోక్కున్నాడు. "అన్నా, ముందల ఎడమదిక్కు చాసిస్ కొస వంగింది. ఇది యాడనో గట్టిగ తాకింది. లేకుంటె బంపరు, లైటు కొత్తయెందుకేస్తడు?"

"నా బండికి వంకలు వెడ్తవారా?" అంటూ సిద్దిరాములు చేతిలోని పానా విసిరాడు. రాజం తల వంచబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రోజే అతని కొట్టుకు తాళం పడేది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది రాజం పని.

ఇక సిద్దిరాములు ఆడిన అబద్ధం సంగతి. అది ఎట్లా మొదలైందంటే, మంచిర్యాల దగ్గర ఒక హోటల్లో ఎవరో డ్రైవర్ మాటవరసకు, "నవీన ఎవలే అన్నా?" అని అడిగాడు. సిద్దిరాములు నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "నా బిడ్డ." ఆ మాట నాలుక మీద ఎంత తియ్యగా ఉందో! ఆ తర్వాత ఎక్కడ ఎవరు అడిగినా అదే మాట. కొన్నాళ్ళకు నవీన ఏడో తరగతిలో చేరింది, లెక్కల్లో ఫస్టొచ్చింది, చేపల కూర తప్ప ఇంకోటి ముట్టనని మారాం చేసింది. కోమల ఒకసారి విని కూడా ఊరుకుంది. మొగుడు ఎవరినీ కొట్టకుండా మాట్లాడేది ఆ ఒక్క విషయమే మరి.

పత్తి సీజన్ వచ్చింది. ఆదిలాబాద్ పైన గుట్టల వెనక ఒక ఊరికి పత్తి కిరాయికి పోయాడు. ఆ ఊరి పేరు నేను చెప్పను. ఆ రోజు సంగతి ఎత్తితే ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ తల దించుకుంటారు.

మిట్టమధ్యాహ్నం. కాంటా దగ్గర పత్తి తూస్తున్నారు. సిద్దిరాములు చాయ్ గ్లాసు పట్టుకుని బండి దగ్గరికి వస్తే, ఒక ముసలామె బానెట్ ముందు నిలబడి అద్దం మీది అక్షరాలను వేలితో గాలిలో దిద్దుతోంది. ఆమె పేరు భూమవ్వ. చదువు రాదు. లోకంలో ఆమెకు చదవడం వచ్చిన మాట ఒక్కటే, రెండు మందారాల మధ్య ఉన్న ఆ మూడక్షరాలు. తల్లి లేని మనవరాలు అలేఖ్యను తన రెక్కల కష్టం మీద సాకింది. కిందటేడు ఆ పిల్ల బడి నుంచి వస్తుంటే తెల్ల పికప్ ఒకటి గుద్ది, ఈడ్చుకుపోయి, ఆగకుండా పోయింది. వెంట ఉన్న స్నేహితురాలు అద్దం మీది పేరూ పూలూ చూసింది. పోలీసులకు బండి దొరకలేదు. ఆ స్నేహితురాలి చేత భూమవ్వ ఇంటి గోడ మీద బొగ్గుతో ఆ పేరు రాయించుకుంది. పొద్దున లేస్తూనే చూసేది. కనబడితే గుర్తుపట్టాలి కదా.

ఇదంతా సిద్దిరాములుకు ఏం తెలుసు? ముసలామె తిరిగి చూసి, మెత్తగానే అడిగింది. "గీ పేరెవలది కొడుకా?"

"నా బిడ్డదవ్వా" అన్నాడు నవ్వుతూ.

"ఎప్పుడు రాపిచ్చినవ్?"

"బండి కొన్ననాడే. నా బిడ్డ పేరు లేకుండ గీ బండి ఒక్కనాడు రోడ్డెక్కలే."

"నువ్వే తోల్తవా? ఇంకెవలకన్న ఇస్తవా?"

"నా బిడ్డను పరాయోళ్ళ చేతులు పెడ్తనా?"

భూమవ్వ కిందికి వంగింది. కాలికి ముల్లేమైనా గుచ్చుకుందేమో అనుకున్నాడు. లేచి ఆమె విసిరిన రాయి అతని నుదురు చీల్చింది. కళ్ళలోకి రక్తం కారింది. చెప్పాను కదా, ఇతనికి చెయ్యి ముందు. ముసలిదని కూడా చూడకుండా ఒక్క తోపు తోశాడు. ఆమె వెల్లకిలా పడి, పడ్డ చోటి నుంచే గొంతు చించుకుంది. "వీడే! నా అలేఖ్యను సంపినోడు వీడే! గదిగో పేరు!"

కాంటా దగ్గరివాళ్ళంతా ఒక్కసారి లేచారు. ముల్లుకర్రలు, రాళ్ళు, పత్తి తూచే కాంటా కర్ర, ఏది దొరికితే అది. పత్తి అమ్మడానికి వచ్చిన మరాఠీ రైతులు కూడా "మారా త్యాలా!", కొట్టండి వాణ్ణి, అంటూ పరిగెత్తుకొచ్చారు. మొదట వచ్చినవాడి ముక్కు మీద సిద్దిరాములు జాకీ రాడ్డుతో కొట్టాడు. ముక్కెముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. ఇంకొకణ్ణి పొట్టలో తన్నాడు. అంతవరకే. ఒక మనిషి ఊరినెట్లా కొడతాడు? వెనక నుంచి ముల్లుకర్ర మోకాలి వెనక పడింది. కూలబడ్డాడు. ఇక దెబ్బ ఎవరిదో, ఎక్కడ తగులుతుందో తెలియకుండా పోయింది. మస్కట్‌లో విరిగి అతుక్కున్న పక్కటెముక మళ్ళీ విరిగింది.

"కొన్న బండిరా ఇది! నేను నిరుడు కొన్న! నాకేం ఎరుకలే!"

"కొన్న బండి మీద నీ బిడ్డ పేరెట్లుంటదిరా, లంగ కొడకా?"

అదీ మాట.  ఒక్క మాట చెబితే చాలు, ప్రాణం దక్కుతుంది. ఆ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. పెళ్ళి బంతిలో పళ్ళు రాలగొట్టించిన మాట అది. పళ్ళు బిగబట్టాడు. వాళ్ళు అతని ఎడమ చెయ్యి బానెట్ మీద పరిచి పట్టుకున్నారు. "గీ చేత్తోనే కదరా గేరేసి పారిపోయినవ్?" కాంటా కర్ర ఎత్తి దింపారు. వేళ్ళు ఎండుకట్టెల్లా విరిగాయి. అరిచాడు గానీ ఆ మాట అనలేదు.

రాళ్ళు అద్దాన్ని పగలగొడుతున్నాయి. 'వీ' దగ్గర బీటలు పడి అక్షరాలు చీలిపోయాయి. ఎవడో మోటార్‌సైకిల్ ట్యాంకు నుంచి పెట్రోల్ పట్టుకొచ్చి సీట్ల మీద గుమ్మరించాడు. ఇంకొకడు అగ్గిపెట్టె తీశాడు. పెట్రోల్ వాసన ముక్కుకు తగలగానే సిద్దిరాములు పాక్కుంటూ పోయి టైరును కరుచుకున్నాడు. రోజూ పొద్దున "లెవ్వు బిడ్డా" అని లేపిన బండి అది. ఇంట్లో కోమల శుక్రవారం కోసం పసుపు ముద్ద చేసి పెట్టుకుని ఉంటుంది.

"కాలబెట్టకుండ్రి! మీ కాల్మొక్త! నాకు బిడ్డ లేదు! నవీన నా బిడ్డ గాదు! నాకు పిల్లల్లేరు, మాకు పిల్లలే పుట్టలే!"

ఆ కేకకు అగ్గిపుల్ల పట్టుకున్నవాడు ఆగాడు. ఒక్క క్షణమే. "గిప్పుడు బిడ్డనే లేదంటవా, దొంగ నా కొడకా?" అని మళ్ళీ పుల్ల గీయబోయాడు.

"ఆగుండ్రిరా!"

భూమవ్వ. మోచేతులు దోక్కుపోయి ఉన్నాయి. ఈడ్చుకుంటూ వచ్చి అగ్గిపెట్టె గుంజుకుంది. "బిడ్డ బతికున్నోడు బిడ్డ లేదనడు. పానం పోయినా అనడు. ఏ నోరుతోని అంటడురా?" అని అతని ముందు కూలబడి, రక్తం కారుతున్న గడ్డం పట్టుకుని పైకెత్తింది. "నిజం జెప్పు. నవీన ఎవలు?"

"నా పెండ్లాన్నడుగు అవ్వా" అంటూ అతను జేబులోని ఫోను చూపించాడు. ఒకడు కోమలకు కలిపి భూమవ్వ చెవికి ఆనించాడు. "నవీన ఎవలు బిడ్డా?" అని అడిగింది ముసలామె. అవతల కోమల, ఎవరో దారినపోయేవాళ్ళు అడుగుతున్నారనుకుని, మామూలుగానే చెప్పింది. "బండి అమ్మినోళ్ళ బిడ్డవ్వా. ఆదిలాబాద్ల ఉంటది. మాకు పిల్లల్లేరు. ఏమైంది, మా ఆయనేడి?"

అందరి చేతుల్లోని కర్రలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. మొహాలు ఎటు తిప్పుకోవాలో వాళ్ళకు తెలియలేదు. సిద్దిరాములు నోట్లోని రక్తం ఉమ్మేసి, బానెట్ పట్టుకుని లేచి నిలబడ్డాడు. "బండి అమ్మినోని ఇల్లు నాకెరుక. ఎక్కవ్వా" అన్నాడు.

దవాఖానకు పోదామన్నారు. వింటాడా? అతని కోపానికి ఇప్పుడొక ఇల్లూ వాకిలీ దొరికాయి. పగిలిన అద్దంలోంచి గాలి మొహాన కొడుతుంటే, పెట్రోల్ కంపు కొట్టే సీట్లో కూర్చుని కుడిచేత్తో స్టీరింగు పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి ఒళ్ళో చచ్చుపడి ఉంది. "క్లచ్చి తొక్కినప్పుడు గా రాడ్డు కిందికి గుంజు" అంటే, పక్కన కూర్చున్న భూమవ్వ రెండు చేతులతో గేరు రాడ్డు గుంజింది. బండి కిర్రుమని ఏడ్చింది గానీ ఆగలేదు. వెనక మోటార్‌సైకిళ్ళ మీద ఊరు.

కరుణాకర్ అరుగు మీద పేపరు చూస్తున్నాడు. అద్దం పగిలిన బండి వాకిట్లో ఆగేసరికి, లోపల ఎవరున్నారో చూసి, దొంగకు తేలు కుట్టినట్టు అట్లాగే ఉండిపోయాడు. ఎందుకొచ్చారని కూడా అడగలేదు. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? సిద్దిరాములు దిగుతూనే పానా ఎత్తాడు. మొదటి దెబ్బకు కరుణాకర్ భుజం జారింది. రెండో దెబ్బకు మోకాలు చిట్లింది. ఊరివాళ్ళు వాణ్ణి అరుగు మీద నుంచి ఈడ్చి వాకిట్లో పడేశారు. తన్నులే తన్నులు. "ఆగుదామనే అనుకున్న" అని ఏడుస్తున్నాడు వాడు. "కండ్ల ముందల నా బిడ్డ పేరుండె. నన్ను జైల్ల ఏస్తె దాని గతేందని భయమైంది. ఆగలే."

"నీ బిడ్డ గతేందని ఆలోచించినవ్. సచ్చిన పిల్ల గతి?" అంటూ సిద్దిరాములు పానా తలకు గురిపెట్టి లేపాడు.

లోపలి నుంచి బడి బట్టల్లో ఒక పిల్ల పరిగెత్తుకొచ్చి తండ్రి మీద బోర్లా పడిపోయింది. "బాపూ!" పానా గాలిలోనే ఆగింది. పిల్లకు రెండు జడలు, మోచేతి మీద ఇంకు మరక. ఏడో తరగతి వయసే. అలేఖ్యదీ అదే వయసు.

భూమవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "నీ పేరేంది?"

"నవీన" అంది పిల్ల వెక్కుతూ.

ముసలామె నిలబడ్డ చోటే కూర్చుండిపోయింది.  "నా గోడ మీద నీ పేరున్నది బిడ్డా. పొద్దున లేసి నీ పేరు మీద ఉమ్మేసిన. మన్ను పోసిన. నీ ఇంట్ల పీనుగ లెవ్వాలని మొక్కిన. నువ్వేం జేసినవే? నీకేం దెలుసే?" అని నెత్తి బాదుకుని ఏడ్చింది. పిల్ల తల మీద పెట్టడానికి చెయ్యి లేపింది గానీ పెట్టలేక దించుకుంది. ఇంకో దెబ్బ వెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. పోలీసులు వచ్చేదాకా కరుణాకర్‌ను అట్లాగే కూతురి ఒళ్ళో ఉండనిచ్చారు.

వాడు జైలుకు పోయాడు. కొట్టినందుకు సిద్దిరాములు మీద, ఊరివాళ్ళ మీద కూడా కేసులు పడ్డాయి. ఇప్పటికీ వాయిదాలకు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ముక్కు విరిగినవాడు అతనికి చాయ్ తెచ్చిస్తాడు. భూమవ్వ గోడను ఎర్రమన్నుతో అలికేసింది. సిద్దిరాములు ఎడమ చేతి వేళ్ళు రెండు మళ్ళీ ముడుచుకోలేదు.

బండి అమ్మేద్దామని కోమల కాళ్ళావేళ్ళా పడింది. "బండేం జేసిందే? దానికేం దెలుసు?" అన్నాడతను. రాజం చాసిస్ సరిచేసి కొత్త అద్దం వేశాడు. పెయింటర్‌ను పిలిపించి, "ఏం పేరు రాపియ్యాలె అన్నా?" అని అడిగాడు, పానా ఎటు నుంచి వస్తుందోనని ముందే పక్కకు జరిగి. సిద్దిరాములు కొత్త అద్దాన్ని గుడ్డతో తుడిచి, ఏం వద్దన్నాడు.

మళ్ళీ పత్తి సీజన్ వచ్చింది. మళ్ళీ అదే ఊరు, అదే కాంటా. చాయ్ దుకాణం దగ్గర కొత్తగా వచ్చిన లారీ డ్రైవర్ ఒకడు, పాపం ఏమీ తెలియనివాడు, నవ్వుతూ అడిగాడు. "గదేందన్నా, అద్దం బోడిగున్నది? బండి మీద పిల్లల పేర్లు రాపియ్యలేదా?"

 ముక్కు విరిగినవాడు బెంచీ మీద నుంచి మెల్లగా లేచాడు. పత్తి మూట మీద కూర్చున్న భూమవ్వ తల తిప్పి చూసింది. సిద్దిరాములు గ్లాసును వంగని వేళ్ళ చేతిలోంచి మంచి చేతిలోకి మార్చుకున్నాడు.

"మాకు పిల్లల్లేరు తమ్మీ" అన్నాడు. మిగిలిన చాయ్ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, బండెక్కాడు.